ఎన్ని దోమలు కోస్తే నిజం తేలుతుంది?

వానాకాలంలో మీరెప్పుడైనా వేంసూరు వైపు వెళ్లారా? సత్తుపల్లి దాటాక దారి పొడవునా మామిడి తోటలు, పామాయిల్ తోటలు, మధ్యలో నీళ్లు నిలిచిన గుంటలు. ఇంకాస్త పైకి, అశ్వారావుపేట దాటి భద్రాచలం వైపు పోతే అడవి మొదలు. ఆ రోజుల్లో అక్కడ ఎవరింటికి వెళ్లినా పలకరింపు జ్వరాల కబుర్లతోనే మొదలవుతుంది.

ఓ వానాకాలం మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. ఆమె మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. మంచం చుట్టూ మాత్రం వేరే చర్చ నడుస్తోంది. వరసకు బావ అయ్యే ఆయన ఫోన్లో మెసేజ్ చూపించాడు. ఫలానా ఆకు కషాయం తాగితే మలేరియా మూడు రోజుల్లో పోతుందట. ఎలుకల మీద ప్రయోగం చేసి మరీ నిరూపించారట. ఎన్ని ఎలుకల మీద చేశారని అడిగాను. ఎలుకలకు లెక్కేమిటి, పనిచేసిందా లేదా అన్నదే కావాలి గానీ అన్నాడాయన. ఈలోగా ఆశా కార్యకర్త వచ్చి పెద్దమ్మ వేలు గుచ్చి, ఒక్క రక్తపు బొట్టు కిట్ మీద వేసి చూసింది. మలేరియానే. మాత్రలు మొదలయ్యాయి, పూర్తి కోర్సు మింగింది, లేచి తిరిగింది. ఆమె సంగతి అలా తేలింది. బావ అన్న మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

ఆకును ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. క్వినైన్ చెట్టు బెరడు నుంచే వచ్చింది. ఇప్పుడు మలేరియాకు వాడుతున్న ఆర్టెమిసినిన్ కూడా ఒక మొక్క నుంచి తీసిందే. చైనాలో టు యూయూ బృందం 1971లో దాన్ని మొదట పరీక్షించింది ఎలుకల మీదే. కాబట్టి ఎలుకల మీద ప్రయోగం అనగానే కొట్టిపారేయకూడదు, అలాగని కళ్లకద్దుకోనూ కూడదు. ఎన్ని ఎలుకలు, వాటిని గుంపులుగా ఎలా విడదీశారు, దేనితో పోల్చారు? ఈ మూడూ తెలియకుండా ఆ వార్తను నమ్మడం కష్టం.

ఈ ప్రశ్నలన్నీ ఒక మనిషి జీవితంలో వరుసగా ఎదురయ్యాయి. ఆ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన సర్ రోనాల్డ్ రాస్. దోమకూ మలేరియాకూ లంకె కనిపెట్టారని పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ఆ ఒక్క వాక్యం వెనక ఎన్ని దోమలు, ఎన్ని పిచ్చుకలు, ఎంత కూడికా తీసివేతా ఉన్నాయో చూడండి.

ఇష్టంలేని డాక్టరు

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో ఈయనే పెద్ద. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండ్ పంపేశారు. కుర్రాడికి బొమ్మలు వేయడం, కవిత్వం రాయడం, సంగీతం ఇష్టం. లెక్కల మీదా మోజే. తండ్రికేమో కొడుకు డాక్టరై ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలని పట్టు. మన ఇళ్లలో ఇంటర్ పిల్లల దగ్గర జరిగే కథే అది. చివరికి తండ్రి మాటే నెగ్గింది. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో అరకొర మనసుతో చదివి, కొన్నాళ్లు ఓడ డాక్టరుగా పనిచేసి, 1881లో ఆ సర్వీసులో చేరారు. మద్రాసు, బెంగళూరు, బర్మా, అండమాన్ అంటూ బదిలీలు.

మొదటి పదేళ్లలో ఆయన పరిశోధకుడిగా చేసింది పెద్దగా ఏమీ లేదు. నవలలు రాశారు, లెక్కల పుస్తకాలు తిరగేశారు. బెంగళూరు బంగళాలో దోమలు ఎక్కువగా ఉంటే, కిటికీ దగ్గరి నీళ్ల పీపాలో పురుగులు చూసి, దాన్ని వంపేయించారు. దోమలు తగ్గాయి. ఆ చిన్న సంగతి ఆయన మరిచిపోలేదు.

1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించారు. దాన్ని 1880లోనే అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ చూశారు. అది మనిషి నుంచి మనిషికి ఎలా వెళుతుందన్నదే ఎవరికీ తెలియదు. దోమ ద్వారానేమో చూడమని మాన్సన్ సూచించారు. రాస్‌కు అదే పట్టుకుంది. మరుసటి ఏడాది సికింద్రాబాద్ వచ్చి చేరారు.

రెండేళ్ల దండగ

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇది మన బావకు చెప్పాల్సిన ముక్క.

సికింద్రాబాద్‌లో రాస్‌కు తేలిగ్గా దొరికిన దోమలు రెండు రకాలు. ఒకటి బూడిదరంగుది, ఇంకోటి చారలది. మలేరియా రోగుల్ని దోమతెరలో పడుకోబెట్టి, ఆ దోమల చేత కుట్టించి, తర్వాత ఒక్కో దోమను కోసి చూసేవారు. ఒప్పుకున్న రోగుల్లో హుసేన్ ఖాన్ ఒకరు. దోమ కాటుకు ఒక అణా చొప్పున కూలి. కోసిన దోమలకు లెక్కలేదు. ఫలితం సున్నా.

ఇప్పుడు మనకు తెలుసు. మనిషి మలేరియాను మోసేది ఎనాఫిలిస్ జాతి ఆడదోమ మాత్రమే. రాస్ కోస్తున్నవి ఆ జాతివి కావు. వందకు బదులు లక్ష కోసినా సున్నాయే వచ్చేది. సంఖ్య పెంచితే నిజం తేలుతుందని మనం అనుకుంటాం గానీ, తప్పు ప్రాణిని ఎంచుకున్నాక సంఖ్య ఏమీ కాపాడలేదు. ఎన్ని కావాలి అని లెక్కవేసే ముందు ఏవి కావాలి అన్నది తేలాలి. ప్రయోగశాలల్లో ఈరోజుకీ అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

మధ్యలో కలరా పనిమీద బెంగళూరు పంపారు. 1897లో నీలగిరుల దగ్గర సిగూరు లోయకు వెళితే ఆయనకే మలేరియా పట్టుకుంది. జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్. ఎండ మండిపోతోంది. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, అద్దం పగిలింది. ఆగస్టు నడుమ ఆయన దగ్గర పనిచేసే ఒకరు సీసాలో కొన్ని దోమపిల్లల్ని తెచ్చారు. వాటిలోంచి వచ్చిన దోమలు వేరేగా ఉన్నాయి, రెక్కల మీద మచ్చలతో. పది దోమల్ని హుసేన్ ఖాన్ మీద వదిలారు. కొన్నిటిని వెంటనే కోశారు, ఏమీ లేదు. కొన్ని చచ్చిపోయాయి. నాలుగో రోజు, ఆగస్టు 20న, మిగిలిన వాటిలో ఒకదాన్ని కోసి పొట్ట గోడ చూస్తుంటే గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా క్రిమికి ఉండే నల్లటి పొడలాంటి రంగు. మర్నాడు చివరి దోమను కోశారు. అవే కణాలు, ముందు రోజు కన్నా పెద్దవిగా. లోపల ఏదో పెరుగుతోంది!

ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. శీర్షికలోనే దాచకుండా చెప్పేశారు, రెండు దోమల్లో కనిపించిన కణాల గురించి అని. ప్రపంచ వైద్యచరిత్రను మార్చిన శాంపిల్ సైజు అక్షరాలా రెండు.

మీకు అనుమానం రావాలి. రెండు చాలవని చెప్పబోతున్న వ్యాసంలో రెండే చాలాయంటే ఎలా? కారణం ఉంది. అంతకుముందు రెండేళ్లుగా కోసిన దోమల్లో ఒక్కదానిలోనూ అలాంటి కణాలు లేవు. ఆ వృథా పోయిన శ్రమే ఇప్పుడు పోలికకు పనికొచ్చింది. మామూలుగా ఎప్పుడూ జరగనిది ఒక్కసారి జరిగినా అది వార్తే. మామూలుగా అప్పుడప్పుడు జరిగేది ఇంకాస్త ఎక్కువసార్లు జరిగిందని చెప్పాలంటే మాత్రం చాలా లెక్క కావాలి. తల లేని కోడి నడిచిందంటే ఒక్క కోడి చాలు. ఈ దాణా వేస్తే కోడి కాస్త ఎక్కువ గుడ్లు పెడుతుందనాలంటే ఒక్క కోడి చాలదు.

రాస్‌కు కూడా తృప్తి లేదు. ఆ రెండు దోమలకు క్రిమి హుసేన్ ఖాన్ నుంచే వచ్చిందా, ముందే ఉందా? మరిన్ని మచ్చల దోమలు కావాలి. సరిగ్గా అప్పుడే రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ. అక్కడ మలేరియా అంతంత మాత్రం. నెలల తరబడి చేతులు కట్టేసినట్టయింది. ఆ కోపం ఆయనకు జీవితాంతం పోలేదు.

పిచ్చుకలు చెప్పిన సాక్ష్యం

మాన్సన్ ప్రయత్నంతో 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు వీలు దొరికింది. అక్కడ ఇంకో చిక్కు. ప్లేగు టీకాల భయంతో నగరం అట్టుడుకుతోంది. సూది పట్టుకున్న తెల్లడాక్టరును చూస్తే జనం పారిపోతున్నారు. వేలు గుచ్చనివ్వరు. అందుకని రాస్ పక్షులవైపు తిరిగారు. పిచ్చుకలకు, భరత పక్షులకు వచ్చే ఒక రకం మలేరియా ఉంది. దాన్ని మోసేది ఇన్నాళ్లూ ఆయన్ని ఏడిపించిన బూడిదరంగు దోమే.

ఈసారి ఆయన పద్ధతి చూడండి. ఆ క్రిమి ఉన్న పక్షుల్ని కుట్టిన 245 దోమల్ని కోస్తే 178 దోమల్లో ఆ రంగు కణాలు ఉన్నాయి. అంటే వందకు 72. మనిషి మలేరియా ఉన్నవాళ్లనీ, వేరే క్రిములున్న పక్షుల్నీ కుట్టిన 249 దోమల్ని కోస్తే ఒక్కదానిలోనూ లేవు.

ఆ రెండో అంకె మీద ఆయన ఎందుకంత కష్టపడ్డారు? పది దోమల్లో సున్నా వస్తే చాలదా? మనమే లెక్కవేద్దాం. నిజానికి వంద దోమల్లో పదింటికి ఆ కణాలు వస్తాయనుకోండి. మీరు రెండే కోశారు. రెండూ ఖాళీగా కనిపించే అవకాశం 81 శాతం. పది కోసినా 35 శాతం. అంటే ఉన్నదాన్ని లేదని పొరపడే ప్రమాదం మూడింట ఒక వంతు పైనే. 29 దోమలు కోస్తేగానీ ఆ ప్రమాదం ఐదు శాతం లోపుకు దిగదు. ఉన్నదాన్ని ఉందని పసిగట్టే ఈ సత్తానే లెక్కల డాక్టర్లు పవర్ అంటారు. కంటిచూపు లాంటిది. చూపు మందగించినవాడికి వాకిట్లో పాము కనిపించకపోతే, పాము లేదని కాదు కదా.

ఇంకోలా కూడా చూడొచ్చు. పదిలో సున్నా వచ్చిందంటే అసలు రేటు 26 శాతం దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. 249లో సున్నా వచ్చిందంటే ఒకటింపావు శాతం మించి ఉండే అవకాశం చాలా తక్కువ. ఖాళీ ఫలితానికి బలం ఇచ్చేది సంఖ్యే. ఈసారి ఏ ప్రయోగంలోనైనా తేడా కనిపించలేదు అని చదివితే ఎంతమందిలో అని అడగండి. దుష్ప్రభావాలు లేవు అని చెప్పే మందు ప్రకటనకూ ఇదే వర్తిస్తుంది.

అదే ఏడాది ఇంకో చక్కటి ప్రయోగం చేశారు. మూడు పిచ్చుకలు. ఒకదాని రక్తంలో క్రిములు లేవు, ఒకదానిలో కొన్ని ఉన్నాయి, ఇంకోదానిలో దండిగా ఉన్నాయి. ఒకే చోట పెరిగిన దోమల్ని మూడింటిమీదా వదిలి, ఒక్కో గుంపు నుంచి పదేసి కోశారు. మొదటి పదిలో కణాలు సున్నా. రెండో పదిలో మొత్తం 292. మూడో పదిలో 1009. అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది! నేనూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనుకున్నాను.

కానీ ఈనాటి పరిశీలకుడు ఒక కొర్రీ వేస్తాడు. ఇందులో లెక్క ఎన్ని? 1301 కణాలా, 30 దోమలా, 3 పిచ్చుకలా? క్రిముల మోతాదు మారింది పిచ్చుకకూ పిచ్చుకకూ మధ్యన. కాబట్టి అసలు లెక్క మూడు. ఒకే పిచ్చుక రక్తం తాగిన పది దోమలు ఒకే తల్లి బిడ్డల్లాంటివి, పది వేర్వేరు సాక్షులు కారు. ఒకే బోనులో ఉన్న ఐదు ఎలుకలకు ఒకే గిన్నెలో మందు కలిపి పెడితే చాలాసార్లు ఆ ఐదూ కలిపి ఒక్కటి కిందే లెక్క. పెద్ద పెద్ద పత్రికల్లో అచ్చయ్యే జంతు ప్రయోగాల్లోనూ దొర్లే తప్పు ఇది. ఒకే ఇంట్లో అయిదుగురిని అడిగి ఊరంతా మా వైపే అన్నట్టు ఉంటుంది. రాస్‌ను ఇక్కడ తప్పుపట్టలేం. తేడా అంత పెద్దది, పైగా ఆయన ఈ ఒక్క ప్రయోగం మీదే ఆధారపడలేదు.

జులైలో దోమ లాలాజల గ్రంథి దాకా క్రిమిని వెంటాడారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని తెచ్చి, రాత్రుళ్లు ఆ దోమల చేత కుట్టించారు. 28 పిచ్చుకల్లో 22 జబ్బుపడ్డాయి. దోమ కాటుతోనే మలేరియా అంటుకుంటుందని అలా తేలింది. మనిషి విషయంలో ఆ చివరి మెట్టును అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసి బృందం ఎక్కింది. ఘనత ఎవరిదన్న గొడవ ఏళ్లపాటు సాగింది. రెండువైపులా మాటలు హద్దు దాటాయి. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే వచ్చింది. కలకత్తాలో పక్కనే ఉండి దోమల్ని పట్టి, పిచ్చుకల్ని సాకిన మహమ్మద్ బక్ష్ పేరు ఎంతమందికి తెలుసు?

చిన్న ప్రయోగం, పెద్ద తీర్పు

1899లో రాస్ ఇండియా వదిలి లివర్‌పూల్ వెళ్లిపోయారు. దోమలు పెరిగే నీటిగుంటలు పూడిస్తే మలేరియా తగ్గుతుందని ఊరూరా చెప్పసాగారు. దాన్ని పరీక్షించడానికి లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో 1900ల మొదట్లో ప్రయోగం పెట్టారు. జేమ్స్, క్రిస్టఫర్స్ అనే ఇద్దరు సమర్థులైన డాక్టర్లు చూసుకున్నారు. గుంటలు పూడ్చారు, కాలువలు శుభ్రం చేశారు. మలేరియా పెద్దగా తగ్గలేదని తేల్చారు. ప్రభుత్వానికి ఖర్చు తప్పే మాట అది. వెంటనే నచ్చింది.

రాస్ మండిపడ్డారు. మనిషికి కోపం ఎక్కువే, అందులో సందేహం లేదు. కానీ ఈసారి ఆయన వాదనలో పస ఉంది. శుభ్రం చేసిన చోటు మరీ చిన్నది, చుట్టుపక్కల నుంచి దోమలు ఎగిరి వచ్చేస్తాయి, అలాంటప్పుడు తేడా కనిపించకపోవడం వింతేముంది అన్నది ఆయన ప్రశ్న. అంటే ప్రయోగానికి పసిగట్టే సత్తా లేదు. దాని నుంచి వచ్చిన లేదు అనే జవాబుకు విలువ లేదు. పొయ్యి మీద ఎసరు కాగకముందే మెతుకు పట్టి చూసి, ఈ బియ్యం ఉడకవని పారబోసినట్టు. ఆ తీర్పు పేరు చెప్పుకుని ఎన్నో ఊళ్లలో గుంటలు అలాగే ఉండిపోయాయని రాస్ చివరిదాకా బాధపడ్డారు. పవర్ లేని ప్రయోగం కాగితం మీద తప్పుగానే ఆగదు, జ్వరంగా మనుషుల మీదికి వస్తుంది.

రాస్ ఊరికే తిట్టి వదల్లేదు. పెన్సిలు తీశారు. ఒక దోమ పుట్టినచోటు నుంచి ఎటుపడితే అటు ఎగురుతూ పోతే చివరికి ఎంత దూరం చేరుతుంది? ఎంత చోటు శుభ్రం చేస్తే నడుమ దోమలు తగ్గుతాయి? 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో ఈ లెక్క వినిపించారు. ఇందులోని కఠినమైన ముడిని విప్పమని కార్ల్ పియర్సన్ అనే గణాంక పండితుణ్ని అడిగారు. పియర్సన్ 1905లో నేచర్ పత్రికలో అదే ప్రశ్నను పాఠకుల ముందుంచారు. ఇప్పుడు షేర్ మార్కెట్ నుంచి అణువుల కదలిక దాకా అందరూ వాడే రాండమ్ వాక్ అన్న మాట ఆ ఉత్తరంతోనే వాడుకలోకి వచ్చింది. అలా మన దోమ గణితశాస్త్రంలోకి కూడా దూరింది.

1911లో రాస్, వాల్టర్ స్టాట్‌తో కలిసి డాక్టర్ల కోసం కొన్ని పట్టికలు అచ్చువేశారు. ఇంతమందిని చూసి ఇంత శాతం అని చెబితే, అందులో ఎంత అటూఇటూ ఉండొచ్చో చూసుకునే పట్టికలు. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ సూత్రం ఆధారం. ఓ ఊళ్లో ఎంతమంది పిల్లల పొట్ట తడిమి బల్ల పెరిగిందా అని చూస్తే ఊరి మలేరియా తెలుస్తుందన్న లాంటి ప్రశ్నలకు అది పనికొస్తుంది. రెండు దోమలతో పేరు తెచ్చుకున్న మనిషి, ఇతరులకు రెండు చాలవని చెప్పే పట్టికలు తయారుచేశారన్నమాట.

ఇప్పుడు ఎలుకల లెక్క

రాస్ దగ్గర ఒకటి లేదు. ఏ పిచ్చుక ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసి తేల్చడం. ఆ పద్ధతికి బలం తెచ్చింది రోనాల్డ్ ఫిషర్. పొలాల్లో ఎరువుల ప్రయోగాల నుంచి పుట్టిన ఆలోచన అది. 1925లో ఒక పుస్తకం, 1935లో ఇంకోటి రాశారు. ఎందుకు చీటీలంటే, బోనులో చెయ్యి పెడితే మొదట దొరికేది మందకొడి ఎలుకే. చురుకైనది మూలకు పారిపోతుంది. దొరికినవి దొరికినట్టు మందు గుంపులో వేస్తే, నీరసం ఎలుకలన్నీ ఒకవైపు చేరతాయి. తర్వాత కనిపించిన తేడా మందుదో, ఎలుకదో ఎవరు చెప్పగలరు? పవర్ అన్న మాటకు కచ్చితమైన అర్థం ఇచ్చింది నేమన్, ఎగన్ పియర్సన్ అనే ఇద్దరు, 1933లో. ఈ ఎగన్ మరెవరో కాదు, రాస్ లెక్క అడిగిన కార్ల్ పియర్సన్ కొడుకే.

ఇప్పుడు ఒక ఉదాహరణ పట్టుకోండి. ఏదో పొడి కలిపిన మేత తింటే ఎలుకలు మామూలు మేత తిన్నవాటికన్నా సగటున 10 గ్రాములు ఎక్కువ పెరుగుతాయని అనుమానం. మామూలుగానే ఎలుకకూ ఎలుకకూ మధ్య 10 గ్రాముల అటూఇటూ ఉంటుంది. పొడి నిజంగా పనిచేస్తుంటే పదిలో ఎనిమిదిసార్లయినా మన ప్రయోగం దాన్ని పట్టుకోవాలి. పనిచేయకపోతే వందలో ఐదుసార్లకు మించి మోసపోకూడదు. ఈ షరతులకు గుంపుకు సుమారు 16 ఎలుకలు కావాలి. మధ్యలో పదో వంతు చచ్చిపోతాయనుకుంటే 18. అసలు తేడా 5 గ్రాములే అయితే? రెట్టింపు చాలదు. గుంపుకు 64 కావాలి. తేడా సగమైతే సంఖ్య నాలుగింతలు. ప్రయోగాల్లో చాలామంది దెబ్బతినేది ఈ మెలిక దగ్గరే.

సరే, డబ్బులు లేవని గుంపుకు నాలుగేసి పెట్టారనుకోండి. అసలు తేడా 10 గ్రాములే ఉన్నా దాన్ని పట్టుకునే అవకాశం ఐదింట ఒకటికి అటూఇటూగా ఉంటుంది. దీనికన్నా అన్యాయం ఇంకోటి ఉంది. ఆ చిన్న ప్రయోగం తేడా ఉంది అని ప్రకటించాలంటే కనిపించే తేడా సుమారు 17 గ్రాములు దాటాలి. అంటే అది నోరు తెరిచిన ప్రతిసారీ ఉన్నదానికన్నా ఎక్కువే చెబుతుంది! మీ ఫోన్లోకి వచ్చే అద్భుత ఫలితాల్లో ఎన్ని ఇలా పుట్టినవో. ఏమీ తేలని చిన్న ప్రయోగాల్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు కదా.

అలాగని వందల ఎలుకల్ని తెచ్చి కోయమనీ కాదు. ప్రాణికి నొప్పి ఉంది. 1959లో ఇంగ్లండ్‌లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు జంతువుల బదులు వేరే మార్గం ఉంటే వాడాలి, సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి అని మూడు సూత్రాలు చెప్పారు. మన దేశంలోనూ జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. 1998 నాటి నియమాల ప్రకారం జంతు ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి. ఇన్ని జంతువులు ఎందుకు కావాలో లెక్క చూపిస్తేనే అది ఒప్పుకుంటుంది. ఎక్కువైతే మిగిలిన ప్రాణాలు వృథా. తక్కువైతే అన్ని ప్రాణాలూ వృథా, ఎందుకంటే ఏమీ తేలదు. నన్నడిగితే ఈ రెండో పాపమే పెద్దది. అది జాలిలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాత కూడా ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందన్న హామీ లేదు. మనుషుల మీద ప్రయోగాలకు వేరే మెట్లున్నాయి. అందుకే జ్వరం వచ్చిందంటే ముందు రక్తపరీక్ష, మలేరియా అని తేలితే డాక్టరు చెప్పిన మాత్రలు చెప్పినన్ని రోజులు. వైవాక్స్ రకానికి పద్నాలుగు రోజులు మింగాల్సిన మాత్ర కూడా ఉంటుంది. మూడో రోజుకు ఒళ్లు తేలికపడగానే మానేస్తే, కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్లీ లేస్తుంది.

రాస్ చివరి రోజులు అంత సుఖంగా గడవలేదు. 1911లో సర్ బిరుదు వచ్చింది, 1926లో లండన్‌లో ఆయన పేరుమీద సంస్థ వెలిసింది. కానీ దేశానికి ఇంత చేస్తే తగిన ప్రతిఫలం దక్కలేదన్న బాధ వదల్లేదు. డబ్బు ఇబ్బందితో 1928లో తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టారు. 1931లో భార్య రోజా పోయారు. తర్వాతి ఏడాది సెప్టెంబరు 16న, తన పేరుమీద ఉన్న ఆ సంస్థలోనే ఆయన కన్నుమూశారు.

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం చూసుకునే రాస్ భవనం ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉంటే ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. హుసేన్ ఖాన్ గురించి కూడా చెప్పండి. కాటుకు అణా చొప్పున ఆ పది దోమలకూ ఒళ్లప్పగించింది ఆయనే.